చీలిక మూసుకునే వేళ

ఎండలకు తాళలేక గోదావరిఖని జనమంతా రాతి లోపలికి కాపురాలు మార్చుకుని ముప్పై ఏళ్లయింది. ప్రతి వంటింటి గోడకూ బియ్యం డబ్బా పక్కనే సన్నటి బోరు, దానికో చేతిపంపు, ఒక మీటరు ఉంటాయి. కొత్త గది తొలచాలంటే ముందు బోరులోకి నీళ్లు కొట్టి గోడను అడగాలి. మీటరు ముల్లు పది గానీ, ఆపైన గానీ నిలిస్తే, ఆ గోడ మోస్తున్న బరువు ఎక్కువని అర్థం. ఇక దాని జోలికి పోకూడదు.

నిండు చూలాలు రజితకు ఉయ్యాల గది కావాలి. ఆ ఉదయం చాయ్ దించి, తనే బోరులోకి నీళ్లు కొట్టింది. నీళ్లు రాతి లోపల నిద్రలో తీసిన కూనిరాగంలా సాగాయి. ఎక్కడో వెంట్రుకంత చీలిక చిటుక్కుమంది. ముల్లు పద్నాలుగు చూపించింది.

"పాయె! ఇగ పిల్లను నా నెత్తి మీద పండవెట్టుకోవాల్నా?" అని అరిచి పంపు వదిలేసింది రజిత.

అత్త ఓదెమ్మ వచ్చి నీళ్లు కట్టేసింది. "ఆగు బిడ్డా. పగిలినప్పటిది రాయి మొండితనం. చీలిక మూసుకునేటప్పుడు ముల్లు యాడ ఆగుతదో సూడు, గదే దాని బరువు."

ఇద్దరూ గోడ దగ్గర కూర్చుని ఎదురుచూశారు. ముల్లు ఆవిరిలో తేలుతున్నట్టు మెల్లగా దిగి ఎనిమిది దగ్గర నిలిచింది.

"గది అయితది," అంది ఓదెమ్మ. కానీ లేచి వెళ్లలేదు. ఇందాక గోడ దగ్గర కూర్చున్నట్టే కోడలి పక్కన కూర్చుంది. చాయ్ చల్లారిపోయింది.

చాలాసేపటికి రజిత నెమ్మదిగా అంది: "కానుపంటే భయమైతాంది అత్తమ్మా."

"ఆఁ," అంది ఓదెమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని. "గిప్పుడు తెలిసింది నీ బరువు."