రెండు ‘నా’లు

“ఆ ఫోను లోపల పెట్టుకోమను అత్తా. నిక్షేపంలాంటి మనిషిని నేనుండగా మాట మార్చే మిషనెందుకు?” అన్నాడు ఆదాం, కల్లంలో మిరపకాయ తొక్కకుండా పక్కకి జరుగుతూ.

జానీబీ చూపు కొరియా నుంచి వచ్చిన బేరగాడు హాన్ మీదే ఉంది. అతని ముందు రెండు రాశులు. ఒకటి ఎర్రగా నిగనిగలాడే మేలు కాయ. రెండోది తెల్లబారిన తాలు. ఈ బేరం సరిగ్గా మాట్లాడిపెడితే సీజనంతా తన దగ్గరే ఉద్యోగమని హాన్ ఆదాంకి ఆశ పెట్టాడు.

“ఆ భాష నీకు నిజంగా వచ్చంటావా?”

“మూణ్ణెల్లు ఆన్‌లైన్లో నేర్చుకున్నా. అయినా అదేం బ్రహ్మవిద్య, సగం మన తెలుగే. టీనా కాఫీనా అని మనం అడగమా? వాళ్ళకీ ‘నా’నే.”

ఆదాం గొంతు సవరించుకుని, రెండు రాశులూ చూపిస్తూ, “చోఉన్ గొనా, నప్పున్ గొనా?” అన్నాడు. “మంచివి కావాలా, చెడ్డవి కావాలా అని అడిగా” అని అత్తకి విప్పి చెప్పాడు.

హాన్ కనుబొమలు పైకి లేచాయి. జేబులోంచి మళ్ళీ ఫోను తీసి ఏదో అన్నాడు. అందులోని ఆడగొంతు తెలుగులో పలికింది: “మంచివైనా చెడ్డవైనా ఒకటే అన్నారు కదా. అయితే అన్నీ చెడ్డవాటి ధరకే ఇవ్వండి.”

“ఒకటా?” జానీబీ కొంగు దోపింది. “నాలుగు రోజులు ఎండలో కూర్చుని ఏరింది, వీడు ఒక్క మాటతో కలిపెయ్యటానికా?” ఆదాంని మోచేత్తో నెట్టి, ఫోనుకి నోరు ఆనించింది. “అయ్యా, ఇది మేలు, అది తాలు. దేని ధర దానిదే. కావాలంటే కొరికి చూడు.”

ఫోను చెప్పింది విని హాన్ కొరికాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మేలు కాయకి మేలు ధర ఒప్పుకున్నాడు.

ఆదాం చేతులు కట్టుకుని వచ్చి, తన ఉద్యోగం సంగతేమిటన్నట్టు నిలబడ్డాడు. హాన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

“ఇస్సునా మానా.”

ఆదాం మొహం వెలిగింది. “మళ్ళీ రెండు ‘నా’లు, విన్నావా అత్తా? ఇస్సు అంటే ఉండటం. మానా అంటే అచ్చం మన మానటమే. ఉంటావా మానేస్తావా అని అడుగుతున్నాడు.” నడుం విరిగేలా వంగి, “నే, నే” అన్నాడు. అంటే వాళ్ళ భాషలో అవునని.

కల్లంలో సిగ్నలు తక్కువ. హాన్ మాటని తెలుగు చెయ్యటానికి ఫోను అప్పటికి తెమిలింది.

“ఇతను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.”