ఆ కొండ మీది గడ్డి

"మళ్లా ఆ ఊరి సంగతే మొదలుపెట్టినావా!"

బడే సాహెబ్ చేతిలోని గరిటె పుటుక్కున విరిగింది. పొద్దున్నించీ కూర్చుని చెక్కిన గరిటె. విరిగిన పిడిని వాకిట్లోకి విసిరేశాడు. కోపం గరిటె మీద కాదు, ఎదురుగా అరుగు మీద కూర్చున్న సిద్ధయ్య మీద.

సిద్ధయ్య తల వంచుకుని తువ్వాలు అంచు నలుపుతున్నాడు.

ఉదయగిరిలో బడే సాహెబ్ చెక్క గరిటెలకు మంచి పేరు. ఆయనకు ఒక్కతే కూతురు, రహీమాబీ. పెళ్లయిన ఏడాదికే అల్లుడు మహబూబ్ సుభాని పటాలంలో చేరి యుద్ధానికి పోయాడు. అతనికి తోడు పోయినవాడే ఈ సిద్ధయ్య. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం కూడా వచ్చింది. సిద్ధయ్య తిరిగొచ్చాడు. సుభాని రాలేదు. ఆచూకీ లేదని సర్కారు నుంచి ఒక కాగితం మాత్రం వచ్చింది.

ఇప్పుడు రహీమాబీకి వింజమూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టల కొట్టు ఉంది, మనిషి నిదానస్తుడు. అంతా బాగానే ఉందనుకుంటే ఖాజీ ఒక మెలిక పెట్టాడు. ఆచూకీ లేదంటే చాలదు, చనిపోయాడని ఎరిగినవాడొకడు వచ్చి ప్రమాణం చేసి చెప్పాలన్నాడు. ఎరిగినవాడు భూమ్మీద సిద్ధయ్య ఒక్కడే. వింజమూరు వాళ్లు మాట కోసం రేపే వస్తున్నారు. ఇది కూడా తప్పిపోతే పిల్ల బతుకంతా గరిటెలకు గరుకు కాగితం రుద్దడంతోనే తెల్లారిపోతుందని బడే సాహెబ్ బెంగ.

ఇప్పుడు కూడా తలుపు పరదా వెనక నుంచి ఆ రుద్దుడు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బడే సాహెబ్ తమాయించుకున్నాడు. "సరే అబ్బయ్యా, మొదట్నించి చెప్పు" అన్నాడు.

మొదట్నించి సిద్ధయ్య బాగానే చెబుతాడు. ఆఫ్రికా ఎడారిలో ఇద్దరూ జర్మనీ వాళ్లకు చిక్కారు. ఫ్రాన్సులో చెరలో పడ్డారు. విమానాలు బాంబులేసి చెర గోడలు కూలగొడితే పారిపోయారు. అడవుల్లో దాక్కుంటూ నడిచి నడిచి స్విట్జర్లాండు సరిహద్దు దాటారు. అక్కడి దొరలు ఇద్దర్నీ కొండల సందున ఉన్న ఒక పల్లెలో ఏడాది పాటు ఉంచారు.

అక్కడికి రాగానే కథ ఆగిపోతుంది. భూగోళం పాఠం మొదలవుతుంది.

"ఆ ఊరి పేరు పలకాలంటే దగ్గు రావాల మామా. రెండు పక్కలా కొండలే. మన దుర్గం కొండ వాటి మోకాలిక్కూడా రాదు. ఏరు ఒకటి, దారి ఒకటి. చలికాలంలో ఆ దారి మూసుకపోతాది. నవంబరులో కొండెనక్కి పోయిన సూర్యుడు మళ్లా ఫిబ్రవరికి గానీ ఊళ్లోకి రాడు."

"నాకు సూర్యుడెందుకురా! సుభాని ఏమైనాడు?"

"చెప్తా ఉండా గదా. ఒకసారి పైనించి మంచు విరుచుకపడి సగం ఊరు పూడిపోయిందంట."

బడే సాహెబ్ ముందుకు వంగాడు. "అందులో పోయినాడా?"

"కాదు మామా, అది వాళ్ల తాతల నాటి మాట. అప్పట్నించీ మంచుకు అడ్డమని ఊరి పైనుండే అడవిలో ఒక్క కొమ్మ కూడా కొట్టరు."

బడే సాహెబ్‌కి నెత్తి బాదుకోవాలనిపించింది. ఎప్పుడడిగినా ఇదే తంతు. అల్లుడి సంగతి అడిగితే చర్చి ఏ ఒడ్డున ఉందో చెబుతాడు. కంచరగాడిదల మీద సరుకులు పోయే కనుమ ఎలా ఉండేదో, రైలు సొరంగం పడ్డాక అదెలా పాడుబడిందో చెబుతాడు. మన దుర్గం మీద బురుజులెన్నో అడిగితే నీళ్లు నమిలే మనిషికి ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ కంఠస్థం. బజారులో చిన్నపిల్లలకు కూడా అవన్నీ నోటికొచ్చేశాయి, సుభాని ఏమయ్యాడన్నది తప్ప.

"కొండ మీది గడ్డికి కూడా కట్టుబాటు ఉండాది మామా" సిద్ధయ్య ఆగలేదు. "నాలుగొందలేళ్ల నాటిది. ఆ గడ్డి ఆ ఊరోళ్లకే. పరాయోడు ఎంత పోసినా ఒక్క ఆవును పైకి తోలలేడు. ఆ ఊరికి అల్లుడైతే తప్ప. ఆ పాలతో గట్టి జున్ను చేస్తారు. ఒక్కొక్కటీ తిరగలి రాయంత ఉంటాది."

"వాళ్ల జున్ను ఏట్లో కలవ!"

ఆయన అరుగు దగ్గరికి జరిగాడు. "సిద్ధయ్యా, నీకూ ఆడపిల్లలుండారు. వాడు చచ్చిపోయినాడని ఒక్క మాట చెప్పు, చాలు."

"ప్రమాణం చేసి ఆ మాట చెప్పలేను మామా."

"అయితే బతికుండాడని చెప్పు. నా కూతురు ఇంకా ఎదురుచూస్తాది."

సిద్ధయ్య ఆ మాట కూడా చెప్పలేదు.

బడే సాహెబ్‌కి ఒళ్లు మండిపోయింది. తోటివాణ్ణి మంచులో వదిలేసి వచ్చాడేమో, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికే ఈ పురాణమంతా విప్పుతున్నాడేమో అనిపించింది.

"ఆఖరుసారి వాణ్ణి ఎప్పుడు చూసినావు? అదన్నా చెప్పి చావు."

"మమ్మల్ని పటాలం వెనక్కి పిలిచిన నాడు. నేను లారీ ఎక్కినాను. కొండ మీది నించి చెయ్యి ఊపినాడు."

"వానికి కొండ మీద ఏం పని?"

సిద్ధయ్య నలుపుతున్న తువ్వాలు అంచు వదిలేశాడు. "ఆవుల్ని తోలుకపోతా ఉండాడు" అన్నాడు చివరికి.

"అక్కణ్ణించి జారి పడినాడా?"

సిద్ధయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"పో! రేపు ఖాజీ ముందుకు రాకపోయినావంటే మళ్లా నా గడప తొక్కబాక!"

అప్పుడు గమనించాడు బడే సాహెబ్, లోపల రుద్దుడు చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని. పరదా పక్కకు జరిగింది. పరాయి మగవాళ్ల ముందు ఏనాడూ నోరు విప్పని రహీమాబీ, సగం రుద్దిన గరిటె చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది.

"సిద్ధయ్యన్నా, ఆయన కట్టుకున్న పిల్ల పేరేంది?"