చుట్టిల్లు

తుపాను వెలిసిన మర్నాడే బీమా కంపెనీ డ్రోను గురమ్మ వాకిట్లో వాలింది. ఆమె చుట్టింటికి కప్పు ఎగిరిపోయింది, గోడ సగం కూలింది.

"అమ్మా, మా యంత్రాలు సాయంత్రానికల్లా ఇల్లు కట్టేస్తాయి. వద్దంటే డబ్బిస్తాం. ఆ తర్వాత ఇంటి పూచీ మీదే," అంది డ్రోను.

"ఇంకో తుపాను వస్తాదంతన్నారు. మిషన్లకే ఒప్పీసుకో అత్తా," అంది కోడలు ముత్యాలు.

"గుండ్రంగా కడతారేటి?" డ్రోనును అడిగింది గురమ్మ.

"నాలుగు మూలల నమూనా ఒక్కటే ఉందమ్మా."

గురమ్మ వీధి పొడుగునా చూసింది. కంపెనీ ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. చీర ఎగ్గట్టి, కూలిన గోడ మట్టిలో నీళ్ళు పోసి తొక్కడం మొదలుపెట్టింది. చుట్టింటికి మట్టి తొక్కుతుంటే చూస్తూ కూర్చోవడం ఆ వీధిలో తప్పు. అచ్చు ఇళ్ళలోంచి ఒక్కొక్కరే వచ్చి మట్టిలో దిగారు. చివరికి ముత్యాలూ దిగింది.

గురమ్మ మొదటి ముద్ద గోడ మీద పెట్టి, "డబ్బే ఇయ్యి," అంది.

డ్రోను అద్దం చాపింది. "వేలిముద్ర వెయ్యండి. ముందు చెయ్యి కడుక్కోండి."

"కడిగీస్తే మా గోడ తరిగిపోద్ది నాయినా," అంటూ గురమ్మ మట్టి బొటనవేలిని అద్దం మీద గట్టిగా అద్దింది.