మిగిలిన ఒక్క వార్నింగు

“మూడు వందల పదిహేడు!” దత్తాత్రేయ గోడ మీది బోర్డును వేలితో తట్టి చూపించాడు. “ఇన్ని వార్నింగులు మిగిల్చాడండీ ఆ మనిషి. అందుకే పంపించేశాం.”

ఎదురుగా కూర్చున్న బసవయ్య రొయ్యల రైతు. ఆయనకు వార్నింగు అంటే ఏమిటో తెలియదు. మొన్న మబ్బు పట్టిన రోజున గుడివాడ అవతల తన చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగలేదనీ, ఆక్సిజన్ చాలక రొయ్యలన్నీ తేలిపోయాయనీ మాత్రం తెలుసు. గట్టున బిగించిన పెట్టెలో ఉండి, వాటిని ఎప్పుడు తిప్పాలో చెప్పే ప్రోగ్రాం తయారైంది గవర్నర్‌పేటలోని ఈ ఆఫీసులోనే.

“కారణం కాయితం మీద రాసివ్వండి. రెండో చెరువుకి కూడా మీ పెట్టే బిగించాను. ఉంచమంటారా, పీకేయమంటారా?”

“సాయంత్రంలోగా ఇస్తాం. శాంభవీ, సాంబశివరావు గారి తప్పు ఎక్కడుందో పట్టుకో.”

శాంభవి ఉద్యోగంలో చేరి ఏడాది. ఆమెకు పని నేర్పింది సాంబశివరావే. రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్, అనుమానం వచ్చిన చోటల్లా ఒక వార్నింగు ఇస్తుంది. దత్తాత్రేయ ప్రతి సోమవారం వాటిని లెక్కపెట్టి బోర్డు మీద రాసేవాడు. తక్కువ వచ్చినవాళ్ల ఫొటో లిఫ్టు పక్కన అంటించేవాడు. ఒక్క వార్నింగునైనా చదివిన పాపాన పోలేదు. “అవి ఉత్త అనుమానాలండీ” అని సాంబశివరావు ఎంత మొత్తుకున్నా వినకుండా, రెండు నెలల కిందట ఆయన్ని ఇంటికి పంపించాడు.

“వార్నింగులు కనపడకుండా చేసే ఆప్షనేదో ఉంటుందిగా, అది పెట్టెయ్యరాదూ?” అన్నాడు దత్తాత్రేయ.

“పెడితే బోర్డు మీద సున్నా వస్తుంది సార్. చెరువులో ఏమీ మారదు.”

శాంభవి సాంబశివరావుకు ఫోన్ చేసింది. ఎలా ఉన్నావమ్మా అని అడిగాకే ఆయన విషయంలోకి వచ్చారు.

“పని తొందరగా తెమలాలని సార్ ఆప్టిమైజేషన్ బాగా తగ్గించి పెట్టించారమ్మా. దాంతో కంపైలర్ ఒక్కో ముక్కనీ విడిగా చూస్తోంది. విలువ ఇంకో చోట నింపితే దానికి కనపడదు, అనుమానపడుతుంది. ఆప్టిమైజేషన్ పెంచి, ఫైళ్లన్నీ కలిపి చూడమను. అప్పటికీ పోకపోతే అక్కడి కోడు కాస్త సర్దు.”

ఆమె అలాగే చేసింది. మూడు వందల పదిహేడు కాస్తా తొంభై అయ్యాయి. భోజనం మానేసి, మెలికలు తిరిగిన కోడును విప్పుకుంటూ వచ్చేసరికి నాలుగు గంటలకు ఒక్కటే మిగిలింది.

దత్తాత్రేయ తెల్లబోయాడు. “అంటే మూడు వందల పదహారూ అబద్ధమేనా?”

“అవును సార్. ఆయన చెప్పినట్టే.”

దత్తాత్రేయ బోర్డు తుడిచి ఒకటి అని రాశాడు. మరుక్షణం ముఖం వెలిగింది. “ఆ ఒక్కటీ నిజమేగా! మనిషిని తీసెయ్యడానికి ఒక్కటి చాలదూ? సాంబశివరావు గారికి ఫోన్ చెయ్, స్పీకర్లో పెట్టు. బసవయ్యగారూ, మీరూ వినండి.”

శాంభవి తెర మీద వార్నింగు వచ్చిన కోడు లైను వైపు కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఫోన్లో మెల్లగా చెప్పింది. “నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ పలకకపోతే, విలువ నింపకుండానే అందులో ఉన్న ఏదో అంకెను వాడేస్తున్నామండీ.”

అవతలి నుంచి సాంబశివరావు వెంటనే ఉపాయం చెప్పారు.

“సెన్సార్ పలకకపోతే ఏరియేటర్లు తిరిగేట్టు పెట్టమ్మా. ముందు రెండో చెరువులో మార్చు.”

“అదంతా సరే, ఆ లైను ఎవరు రాసినట్టు?” అన్నాడు దత్తాత్రేయ.

“నేనేనండీ. నా పేరే రాసుకోండి.” సాంబశివరావు ఫోన్ పెట్టేశారు.

“చూశారా!” అంటూ దత్తాత్రేయ శాంభవి చేత లెటర్ రాయించాడు. లోపానికి కారకుడు సాంబశివరావు, ఆయన్ని ఇప్పటికే తొలగించాం అని. బోర్డు మీద ఒకటి కొట్టేసి సున్నా రాసి, కొత్త క్లయింటును తీసుకురావడానికి గన్నవరం ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు.

శాంభవి ప్రోగ్రాం సరిచేసి, పరీక్షకు పెట్టుకున్న సెన్సార్ తీగ పీకి చూసింది. బల్ల మీది చిన్న ఏరియేటరు గిర్రున తిరిగింది. కొత్త ప్రోగ్రాంను రెండో చెరువు పెట్టెకు పంపించింది. ఇక పీకక్కర్లేదని బసవయ్యతో చెప్పింది. తర్వాత లెటర్ తెరిచి, సాంబశివరావు పేరు చెరిపి, తొలగించాం అన్న వాక్యం కూడా తీసేసి, అక్కడ తన పేరు టైపు చేసి ప్రింటు తీసింది.

బసవయ్య కాయితం చదివి ఆమె ముఖంలోకి చూశాడు. “పని నేర్పిన పెద్దాయన కోసం నింద నీ మీద వేసుకుంటున్నావా తల్లీ?”

శాంభవి తల అడ్డంగా ఊపింది.

“ఆ లైను నేను రాసిందేనండీ.”