ఎద్దుకూ ఏనుగుకూ నడుమ

"నా ఒంటెను బతికించు సాబ్! దీని మీదనే మా ఇల్లు నడుస్తది," అంటూ బాపురావు బోధన్ పశువుల దవాఖాన గడప మీద కూలబడ్డాడు. బయట వేపచెట్టు కింద ఒంటె మూలుగుతోంది. చెరకు బండిలో తల పెట్టి సగం బండి ఖాళీ చేసింది. పొట్ట నగారాలా బిగిసింది.

డాక్టరు నిజామాబాద్ పోయాడు. ఉన్నది కాంపౌండర్ నూరుల్లా, ఊడ్చే దేవవ్వ, నిజాం కాలం నాటి మందుల పుస్తకం.

అందులో ఆముదం మందుకు ఒక పట్టిక ఉంది. అడ్డంగా జంతువులు, నిలువునా పొట్ట ఉబ్బిన గంటలు. కోడికి నాలుగు చుక్కల దగ్గర మొదలై ఏనుగుకు తొమ్మిది గ్లాసుల దాకా పోయింది. కోడి, మేక, ఎద్దు, ఏనుగు. ఒంటె లేదు.

"ఉబ్బి ఎన్ని గంటలైంది?"

"ఐదు."

ఐదూ లేదు. రెండుంది, ఎనిమిదుంది.

నూరుల్లా సుద్దముక్కతో బండ మీద నాలుగు అంకెలు వేశాడు. ఎద్దుకు రెండు గంటలకైతే ఒక గ్లాసు, ఎనిమిదికైతే మూడు. ఏనుగుకు ఏడు, తొమ్మిది.

"ఐదు గంటలకు ఎద్దుకు రెండు, ఏనుగుకు ఎనిమిది. ఒంటె నడుమ. ఐదు గ్లాసులు!"

"కోడికి ఏనుగుకు నడుమ మేక గూడ ఉన్నది గద," అంది దేవవ్వ. "దానికి నాలుగున్నర గ్లాసులు పోస్తవా?"

"లెక్క సంగతి నీకేమెరుక అవ్వా!" అన్నాడు గానీ నూరుల్లా బండ మీది అంకెలు మళ్లీ ఒకసారి కూడి చూసుకున్నాడు. తక్కువైతే పొట్ట పగులుతుంది. ఎక్కువైతే ప్రాణమే పోతుంది.

"నువ్వు రాకు సాబ్, కొత్తోళ్లను కరుస్తది. నేనే తాపుత." బాపురావు ఒక్కొక్క గ్లాసే అందుకుని ఒంటెకు అవతల కూర్చున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఉన్నట్టుండి వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయేంత చప్పుడు. దేవవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఒంటె నింపాదిగా లేచి, మెడ సాచి వేపరెమ్మ అందుకుంది.

"యా అల్లా!" నూరుల్లా గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. "సూసినవా అవ్వా? ఐదంటే ఐదే!"

"ఐదెక్కడియి సాబ్?" బాపురావు పొట్ట పట్టుకుని, నడుము వంచుకుని వచ్చాడు. "నేను తాగనిది అది ముట్టదు. పిల్లప్పటి సంది గదే అలవాటు. ప్రతి గ్లాసుల సగం నేనే తాగిన."

అంటూనే చెరకు తోటలోకి పరుగు తీశాడు.

నూరుల్లా మళ్లీ పుస్తకం తెరిచి, ఈసారి మనిషి లెక్క కోసం మేకకూ ఎద్దుకూ నడుమ వేలు పెట్టాడు.