ఒక్క కుర్చీ గది

సంచీలోంచి ఆ రికార్డు బయటికి రాగానే వెలిచ్కా మొహం మాడిపోయింది.

"ఇదే వేసి చూద్దాం" అన్నాడు ఆమె మొగుడు లాజర్.

మెతోది గరాజులో ఉన్నారు ముగ్గురూ. మెతోది పాతికేళ్లు వియన్నాలో ఉండి సొంతూరు ప్లొవ్‌దివ్‌కి తిరిగొచ్చాడు. అక్కడి పెద్దింటివాళ్లు వాడి వదిలేసిన ఖరీదైన స్పీకర్లు వ్యానులో తెచ్చి ఇక్కడ అమ్ముతాడు. గరాజులో కాలు పెట్టడానికి సందు లేదు.

"గది ఎంతుంటుందన్నా?" అడిగాడు మెతోది.

"మూడు మీటర్లు, రెండున్నర. పచ్చళ్ల సీసాలు పెట్టుకునే గది. సీసాలన్నీ మంచం కిందికి తోసేశా."

అతను తోసింది వెలిచ్కా పెట్టిన పచ్చళ్ల సీసాల్ని. ఆ రికార్డులో పాడే గొంతు కోసం.

"అయితే ఆ పొడుగువాటి జోలికి పోకు. అంత చిన్న గదిలో అవి గోడల్ని మోగిస్తాయి. పాట వినబడి చావదు" అన్నాడు మెతోది.

వెలిచ్కా వెంటనే ఆ పొడుగు జత వైపు వేలు చూపించింది.

"ఇవి నచ్చాయా వదినా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి నచ్చకపోతే..."

"నచ్చాయంటోందిరా బాబూ! తల అడ్డంగా ఊపితే అవునని కాదూ మన దేశంలో? వియన్నా వెళ్లి అవునూ కాదూ కూడా మర్చిపోయొచ్చావు" అన్నాడు లాజర్.

మెతోది పగలబడి నవ్వాడు. వెలిచ్కా నవ్వలేదు. ఆమెకి ఆ స్పీకర్లూ నచ్చలేదు, వాటి చెక్కా నచ్చలేదు. వాటిలో ఆ గొంతు పాడైపోతే చాలు.

ఆ గొంతంటే ఆమెకి ఒళ్లు మంట. నాలుగేళ్లుగా ఇదే వరస. మధ్యాహ్నం భోజనం కాగానే లాజర్ ఆ గదిలో దూరతాడు. ఆ రికార్డు పెట్టుకుంటాడు. కళ్లు మూసుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, అలాగే ఉండిపోతాడు. గోడకి ఇవతల వెలిచ్కా గిన్నెలు ఎత్తెత్తి పడేస్తుంది. అతనికి వినబడదు.

ఒకసారి ఆమె ఆ రికార్డుని పిండి డబ్బా వెనక దాచేసింది. లాజర్ మూడు రోజులు ఇల్లంతా గాలించాడు. తిండి మానేశాడు. నాలుగో రోజు తనే తీసి యథాస్థానంలో పెట్టింది. ఆ రోజు అతని మొహంలో వెలిగిన వెలుగు చూసి, పొయ్యిలో పడేసి ఉండాల్సిందని ఏడ్చుకుంది.

మెతోది ముందు పొడుగు జత మోగించాడు. రికార్డులో ఉన్నదల్లా ఒక గిటారు, ఒక ఆడగొంతు. గిటారు పీపాలో దరువేసినట్టు మోగింది. గొంతు ఎక్కడో అడుగున పడిపోయింది. వెలిచ్కాకి ప్రాణం లేచొచ్చింది.

"చెప్పానా?" అంటూ మెతోది తీగలు మార్చాడు. ఈసారి స్టాండ్ల మీద ఉన్న చిన్న జత. బొత్తిగా వన్నె లేని గోధుమరంగు పెట్టెలు.

గొంతు ఆ పెట్టెల్లోంచి రాలేదు. రెండింటి మధ్య ఖాళీలో ఎవరో వచ్చి నిలబడ్డట్టే ఉంది. పాట ఎత్తుకునే ముందు పెదవులు విడిన చప్పుడు కూడా తెలిసింది. లాజర్ కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ!" అన్నాడు మెతోది. "ఈ పిల్లకి ఎన్నేళ్లుంటాయన్నా?"

"ఇరవై నాలుగు" అన్నాడు లాజర్ ఠక్కున.

కిందటి నెల వెలిచ్కాకి అరవై మూడు నిండాయి. సాయంత్రం కూతురు ఫోన్ చేసేదాకా ఆ సంగతే అతనికి గుర్తు లేదు. మెడకి చుట్టుకున్న పట్టు స్కార్ఫు కొసని వేలికి బిగించి లాగింది వెలిచ్కా.

"నా మాట విని ఈ రికార్డు దాచుకో అన్నా. వదిన చూపుకే మాడిపోయేట్టుంది" అన్నాడు మెతోది.

లాజర్ నవ్వాడు. చిన్న జతే తీసుకున్నాడు.

కారులో ఎక్కిస్తూ మెతోది మళ్లీ అడిగాడు. "నాకు తెలియని పాటగత్తె లేదనుకున్నాను. ఈవిడ ఇంకేమైనా పాడిందా?"

"ఊళ్లో రేడియో వాళ్లు ఈ ఒక్కటే చేయించారు."

"ఉందా, పోయిందా?"

"ఉంది. పాడటం లేదంతే."

వెలిచ్కా కారు తలుపు దభాలున వేసుకుంది.

ఇంట్లో లాజర్ గంటసేపు కొలతలు తీసుకుంటూ ఆ పెట్టెల్ని ఇటు జరిపాడు, అటు జరిపాడు. గోడకి జానెడు, మూలకి రెండు జానలు. అంత చిన్న గదిలో పాట సరిగ్గా వినబడే చోటు ఒక్కటే ఉంటుంది. అక్కడ కుర్చీ వేశాడు. ఒక్క కుర్చీ.

వెలిచ్కా విసురుగా వంటింట్లోకి వెళ్లబోయింది. లాజర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ నువ్వు కూర్చో వెలిచ్కా. ఒక్కసారి విను. ఆ తర్వాత నువ్వు తీసేయమంటే రేపే వీటిని వెనక్కి ఇచ్చేస్తా. రికార్డు కూడా ఇక ముట్టుకోను."

నాలుగేళ్లలో పాట మోగుతుండగా ఆమె ఆ గది గడప తొక్కలేదు. అయినా ఈ మాట అతని నోట వచ్చాక వదులుకుంటుందా? వెళ్లి కూర్చుంది. చేతులు కట్టుకుంది. పాట అయ్యాక ఎలా మొహం తిప్పుకోవాలో ముందే అనుకుంది.

లాజర్ ముల్లు దించి గుమ్మంలో నిలబడ్డాడు.

గిటారు మొదలైంది. పెదవులు విడిన చప్పుడు. ఊపిరి. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఆ పిల్ల. మొదటి చరణం అయ్యాక గుటక మింగడం కూడా వినిపించింది.

వెలిచ్కా కట్టుకున్న చేతులు విడిపోయాయి.

మెల్లగా స్కార్ఫు విప్పి, నాలుగేళ్ల కిందట డాక్టర్లు స్వరపేటిక తీసేసిన చోట వేలు ఆనించుకుని, ఇరవై నాలుగేళ్ల వయసులో తను పాడిన ఆ పాటకి చప్పుడు లేకుండా పెదవులు కలిపింది.