కరకర మాస్టారి తీర్పు

"మాస్కు తియ్యి బావా! నీ మూతినెవరూ ఎత్తుకుపోరులే" అన్నాడు బావమరిది, అప్పుడే పొయ్యినుంచి దిగిన బిస్కెట్ల ట్రేను బల్లమీద పెడుతూ.

కరకర మాస్టారు తియ్యలేదు. ఆ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్రతి ట్రేనుంచీ ఒక బిస్కెట్ కొరికి, ఆ చప్పుడు విని, పదికి ఇన్ని మార్కులని ప్రకటించడం వారి ఉద్యోగం. వారు సరేనంటేనే సరుకు ప్యాకింగుకు కదులుతుంది. చప్పుడుకు ఆటంకం కలగరాదని ఆ గదిలో ఫ్యాను కూడా పెట్టలేదు. అంతటివారి ముందుపళ్ళు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కి కదలసాగితే, నిన్న సాయంత్రమే పళ్ళ డాక్టరు క్లిప్పులు బిగించి, పదిహేను రోజులపాటు గట్టి పదార్థమేదీ కొరకరాదని శాసించారు. జావ, సూపు, మెదిపిన బంగాళాదుంప, బాగా మగ్గిన అరటిపండు. అంతే.

ఆ శాసనం ఇంట్లో చెల్లింది. ఇక్కడ కూడా చెల్లనిస్తే, ఎదురుగా నిలబడ్డ బావమరిది మరుక్షణం ఈ కుర్చీలో ఉంటాడు. అట్టపెట్టెలకు టేపు అంటించే ఆ మహానుభావుడి కన్ను ఏనాటినుంచో దీనిమీదే ఉంది. అందుకే తమ్ముడి చెవిన వేయనని భార్యచేత ఒట్టు కూడా వేయించుకుని వచ్చారు మాస్టారు.

"మన ఊపిరి సరుకుమీద పడకూడదు. ఇవాళ్టినుంచి రుచి చూడడమంతా మాస్కు కిందనుంచే" అన్నారు, పెదవులు విప్పీ విప్పకుండా.

"మాటలేంటి, మూతపెట్టిన గిన్నెలోంచి వస్తున్నట్టున్నాయి?"

"గొంతు పట్టేసింది."

బావమరిది చూపు బల్ల చివరనున్న క్యారియరుమీద పడింది. అడగకుండానే మూత తీసేశాడు. "ఇదేంటి బావా! జావ, మెదిపిన దుంప, పిసికిన అరటిపండు... నీకింకా పళ్ళు రాలేదనుకుంటోందా అక్క?"

మాస్టారి గుండె జారి చెప్పుల్లో పడింది. "కడుపు... కడుపు కూడా బాగాలేదు."

"గొంతు పట్టేసి, కడుపు పాడైపోయి, ఇంకా ఈ కుర్చీ ఎందుకు బావా నీకు? లే, ఇంటికెళ్ళి పడుకో. నేను చూసుకుంటాగా! నావి ముప్పైరెండూ ఉక్కుముక్కలు."

'ఉక్కుకు నా దగ్గర మాత్రం కరువా' అనబోయి మాస్టారు నాలుక కరుచుకోబోయారు. అంతలో డాక్టరుగారి మాట గుర్తుకువచ్చి ఆ పని కూడా మానుకున్నారు. నాలుక మెత్తనిదే గాని, జాబితాలో లేదు.

ట్రే సర్దే నెపంతో ఒక బిస్కెట్‌ను తెల్లకోటు జేబులోకి జారవిడిచి, మరొకదాన్ని మాస్కు కిందికి పంపి బుగ్గన పెట్టుకున్నారు. దవడలు ఒక పద్ధతిగా ఆడాయి. జేబులో ఎడమచెయ్యి పిడికిలి బిగించింది.

కర్ర్... కరకర.

"తొమ్మిది" అన్నారు గంభీరంగా. తీర్పులో అన్యాయమేమీ లేదు. నోటినుంచి రావలసిన సాక్ష్యం జేబునుంచి వచ్చింది, అంతే.

ఆ విధంగానే మరో రెండు ట్రేలు గట్టెక్కాయి. జేబు పిండిమరగా మారింది. బావమరిది మాత్రం వదల్లేదు. బల్లచుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మాస్టారి మూతిదగ్గరికి చెవి తెచ్చి పెట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

యజమానురాలు! ఫ్యాక్టరీలో అందరూ పెద్దమ్మగారని పిలిచే ఆవిడ, చేతిలో చిన్న రేకుడబ్బాతో లోపలికి వచ్చారు.

"చూడండమ్మా, బావ వాలకం!" బావమరిది అందుకున్నాడు. "మాస్కు తియ్యడు. నోరు విప్పడు. తెచ్చుకున్నదేమో పసిపిల్లల తిండి!"

"శుభ్రంగా ఉంటే నీకు వాలకంలా కనబడుతోందా? నువ్వూ పెట్టుకో ఒకటి" అని, ఆవిడ మాస్టారి వైపు తిరిగారు. "కొత్త రకం మాస్టారూ. ఏమిటో చెప్పను. చెబితే తీర్పు అటే మొగ్గుతుంది. మీరు ఊఁ అంటే రేపే పెద్దపొయ్యి వెలిగిస్తాను. ఒంట్లో బాగాలేకపోతే చెప్పండి, మీ బావమరిది ఉన్నాడుగా."

బావమరిది అప్పుడే చొక్కా సర్దుకున్నాడు.

"నాకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను!" అన్నారు మాస్టారు.

డబ్బాలోంచి ఒకటి తీసి మాస్కు కిందికి పంపారు. అదృష్టవశాత్తూ జేబులో ఇంకొక్క బిస్కెట్ నలగకుండా మిగిలి ఉంది. పరువూ, కుర్చీ, ఇంట్లో భార్య ముందు తలెత్తుకు తిరిగే యోగం, సమస్తం పిడికిట్లోకి తెచ్చుకుని నొక్కారు. ఆ శ్రద్ధలో నోట్లోది ఏమైపోయిందో వారు గమనించనేలేదు.

కర్ర్... కరకర... ఫట్!

"పదికి పదమ్మా!" అన్నారు మాస్టారు, పరవశంతో కళ్ళు మూసుకుని. "ఇంతటి కరకర నా సర్వీసులో వినలేదు. దవడలు ఝల్లుమన్నాయి!"

పెద్దమ్మగారు బావమరిది వంక చూశారు. "నువ్వూ విన్నావా?"

"విన్నానమ్మా" అన్నాడు వాడు ఏడుపుమొహంతో. "గోడ అవతలివాళ్ళకు కూడా వినబడే ఉంటుంది."

ఆవిడ డబ్బామూత పెట్టి, స్టూలు లాక్కుని, నెమ్మదిగా కూర్చున్నారు.

"పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు తినడానికి ఏమీ దొరకడం లేదని డాక్టర్లు మొత్తుకుంటుంటే, నమిలే పనే లేకుండా వెన్నలా కరిగిపోయేట్టు చేయించాను మాస్టారూ దీన్ని... మరి ఆ చప్పుడెక్కడిది?"